క్యాన్సర్ చికిత్స ముగిశాక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిదేళ్ల కిందట నాకు కుడి రొమ్ములో గడ్డ తీశారు. ఆ తర్వాత కీమో, దాని తర్వాత అయిదు వారాల రేడియేషన్. ఆఖరి రోజున గది బయటికి వస్తుంటే టెక్నీషియన్ అమ్మాయి నవ్వి "ఇక రేపటి నుంచి రానక్కర్లేదమ్మా" అంది. సంతోషించాల్సిన మాటే. నేను మాత్రం ఇంటికి వెళ్లే ఆటోలో దారి పొడవునా ఏడ్చాను. అన్ని నెలలపాటు ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఏం తినాలో ఎవరో ఒకరు చెప్పేవారు. మర్నాటి నుంచి చెప్పేవారు లేరు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఓపీ పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చుంటాను. నేను డాక్టరును కాను. ఏ ఇబ్బందికి ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పడం వరకే నా పని. వచ్చేవాళ్లలో సగం మంది ఒకే మాటతో మొదలుపెడతారు: "ప్రాణం దక్కింది, ఇంకా ఇది అడగడం ఏం బాగుంటుంది గానీ..." ఆ "గానీ" తర్వాత వచ్చే ప్రశ్నలే ఇవన్నీ.

చికిత్స అయిపోయి ఆరు నెలలైంది. ఇంకా ఇంత నీరసం ఏమిటి? ఇంట్లో వాళ్లు బద్ధకం అంటున్నారు.

బద్ధకం కాదు. బద్ధకస్తుడు నిద్రపోయి లేస్తే తేలిగ్గా ఉంటాడు. ఈ అలసట నిద్రతో పోదు. రెండు గిన్నెలు తోమితే మూడోది సింకులోనే వదిలేసి గోడకు ఆనుకుని నిలబడాల్సి వస్తుంది. క్యాన్సర్ చికిత్స తర్వాత అన్నిటికన్నా ఎక్కువమంది చెప్పే ఇబ్బంది ఇదే. కొందరిలో నెలలు, కొందరిలో ఏళ్లు ఉంటుంది.

ముందు సరిచేయదగిన కారణాలు ఉన్నాయేమో చూడాలి. రక్తం తక్కువ ఉందా, థైరాయిడ్ తగ్గిందా, షుగర్ పెరిగిందా, రాత్రి నిద్ర పడుతోందా, మనసు కుంగి ఉందా అన్నవి డాక్టరును అడిగి తేల్చుకోండి. మామూలు రక్తపరీక్షలతోనే చాలావరకు తెలుస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నా అలసట ఉంటే, దానికి పనిచేస్తుందని బాగా రుజువైన మందు విచిత్రంగా నడకే. పడుకునే కొద్దీ కండ కరుగుతుంది, కండ కరిగే కొద్దీ ఇంకా అలసట వస్తుంది. మొదటి వారం వీధి చివరి వరకు వెళ్లి రండి, చాలు. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి. ఓపిక ఉన్న రోజున ఇల్లంతా సర్దేసి మూడు రోజులు మంచం పట్టే అలవాటు మన ఆడవాళ్లకు ఎక్కువ. నేనూ చేశాను. బూజు దులపడం దసరా వరకు ఆగితే కొంప మునగదు.

ఏటా పెట్ స్కాన్ చేయించుకుంటే మంచిది కదా? డాక్టరు వద్దంటున్నారు, డబ్బు పెట్టుకోలేమనుకుంటున్నారేమో.

వద్దన్నది మీ జేబు చూసి కాదు. రొమ్ము క్యాన్సర్‌లో ఏ లక్షణమూ లేనివారికి వరసబెట్టి స్కాన్లు చేస్తే ఆయుష్షు పెరుగుతుందా అని ఇటలీలో రెండు పెద్ద అధ్యయనాలు చేసి 1994లో ఫలితాలు చెప్పారు. పెరగలేదు. అందుకే ఇప్పటికీ పద్ధతి ఇదే: మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు చేత్తో పరీక్షించాలి, నాలుగైదు సంవత్సరాల్లో ఆరు నెలలకో ఏడాదికో, ఆపైన ఏడాదికోసారి. మామోగ్రామ్ అనే రొమ్ము ఎక్స్‌రే ఏటా. అంతే.

అయితే ఇది అన్ని క్యాన్సర్లకూ ఒకటే లెక్క కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లో సీఈఏ అనే రక్తపరీక్ష, సీటీ స్కాన్, ఆపరేషన్ అయిన ఏడాదికి పేగు లోపలికి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీ నిజంగానే ఉపయోగపడతాయి. నోటి, గొంతు క్యాన్సర్లు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడతాయి గనుక ఆ రెండేళ్లు చెకప్‌లు దగ్గర దగ్గరగా ఉంటాయి. పక్కింటావిడకు చేసిన స్కాన్ మీకెందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇదే.

తలనొప్పి వచ్చినా, నడుం పట్టేసినా మళ్లీ వచ్చిందేమోనని గుండె జారిపోతోంది. ఈ భయం పోతుందా?

పూర్తిగా పోదు. చిన్నదవుతుంది. నాకు చెకప్‌కి వారం ముందు నుంచి నిద్ర పట్టదు, ఎనిమిదేళ్లు దాటినా. ఆ వారంలో పెళ్లిళ్లకు, ప్రయాణాలకు ఒప్పుకోను, అంతే తేడా.

ఒక కొలబద్ద మాత్రం చెబుతాను. కొత్తగా వచ్చిన ఇబ్బంది ఏదైనా రెండు వారాలు దాటి తగ్గకపోతే చూపించుకోండి. అంతకు ముందే భయపడి గూగుల్‌లో వెతకకండి. కొన్నింటికి ఈ రెండు వారాల గడువు లేదు. కొత్తగా గడ్డ తగిలినా, ఎక్కడి నుంచైనా రక్తం పడినా, ఆయాసం వచ్చినా, తలనొప్పితో పాటు వాంతులున్నా వెంటనే వెళ్లాలి. వెన్నునొప్పితో పాటు కాళ్లు బలం తప్పుతుంటే, లేదా మూత్రం పట్టు తప్పితే అదే రోజు, అర్ధరాత్రయినా సరే. వెన్నుపాము మీద ఒత్తిడి పడిందేమో గంటల్లో తేల్చాలి.

భయం పనిని, తిండిని, నిద్రను తినేస్తుంటే దానికీ చికిత్స ఉంది. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 2022 నుంచి నడుస్తోంది. 14416కి ఫోను చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

పథ్యం ఎన్నాళ్లు? వంకాయ, గోంగూర, మాంసం పెట్టడం లేదు.

చికిత్స అయిపోయి, రక్తకణాలు మామూలు స్థాయికి వచ్చాక, మీ క్యాన్సర్‌కంటూ ప్రత్యేకమైన పథ్యం చాలామందికి ఏదీ లేదు. వంకాయ, గోంగూర ఏ పాపమూ చేయలేదు. కీమోతో కరిగిన కండ మళ్లీ పట్టాలంటే మాంసకృత్తులు కావాలి: గుడ్డు, చేప, కోడి, పప్పు, పెరుగు, సెనగలు. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచిన మనిషి ఎలా కోలుకుంటాడు? కొన్ని ఇళ్లలో ఆపరేషన్ అయిన కోడలికి చారన్నం, చూడవచ్చిన చుట్టాలకు కోడికూర. చూశాను గనుకే చెబుతున్నాను.

పేగు, జీర్ణాశయం ఆపరేషన్లు అయినవారి సంగతి వేరు. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం వంటి సూచనలు వారికి ఉంటాయి, అవి పాటించాలి. జీర్ణాశయం మొత్తం తీసేస్తే బి12 సూదిమందు జన్మంతా కావాలి.

చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందన్నది ఎక్కువగా వినబడే భయం. శరీరంలోని ప్రతి కణమూ చక్కెరను వాడుకుంటుంది. మీరు కాఫీలో మానేసినంత మాత్రాన క్యాన్సర్ కణానికి అందకుండా పోదు. బరువు, షుగర్ అదుపులో ఉండటానికి తీపి తగ్గించడం మంచిదే. పండగ నాటి బొబ్బట్టుకు మాత్రం దండం పెట్టి వెనక్కి పంపనక్కర్లేదు.

ఇక లక్ష్మణఫలం ఆకుల కషాయం. వాట్సాప్‌లో రోజూ వస్తుంది. అది క్యాన్సర్‌ను నయం చేస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. పైగా గ్వాడలూప్ దీవిలో ఆ పండూ ఆకూ ఎక్కువగా వాడినవారిలో పార్కిన్సన్స్ వంటి నరాల జబ్బు కనిపించడంతో శాస్త్రవేత్తలు దాన్ని అనుమానించారు. కీమోతో ముందే నరాలు దెబ్బతిన్నవాళ్లకు ఇంకొక తంటా ఎందుకు? పసరు, కషాయం, పసుపు గుళికలు ఏవి వాడుతున్నా డాక్టరుకు చెప్పండి. తిడతారని దాచడం వల్లే ప్రమాదం.

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్, కరెంటు అయ్యాయి. నోరు తెరుచుకోవడం లేదు. ఉమ్మి ఊరడం లేదు. అన్నం దిగదు.

రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. అది దవడ కండరాలను క్రమంగా బిగుసుకుపోయేలా చేస్తుంది. అద్దం ముందు నిలబడి మీ మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టించి చూడండి. పట్టకపోతే నోరు మూసుకుపోవడం మొదలైందని గుర్తు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత సులువుగా తెరుచుకుంటుంది. బిగుసుకున్నాక కష్టం.

ఖరీదైన పరికరాలు ఉన్నాయి గానీ మన ఆస్పత్రుల్లో ఎక్కువగా నేర్పేది ఐస్‌క్రీమ్ పుల్లలతో. పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వెనక పళ్ల మధ్య పెట్టి కాసేపు ఉంచాలి, రోజుకు చాలాసార్లు. అలవాటయ్యాక ఒక పుల్ల పెంచాలి. నల్గొండ వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన పుల్లల కట్ట ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు పదకొండు పుల్లలు. వచ్చినప్పుడల్లా నా బల్ల మీద ఆ కట్ట పెట్టి, డబ్బు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి చూపిస్తాడు. మొన్న పదిహేడు. ఇడ్లీ ముక్క చేసుకుని తినగలుగుతున్నానని చెప్పాడు. అంతవరకు ఆయన తిన్నది జావ, మిక్సీ పట్టిన పప్పన్నం.

ఉమ్మి తగ్గడం లాలాజల గ్రంథులు దెబ్బతినడం వల్ల. కొంత తిరిగి వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు. చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా, గ్లాసు నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి పుక్కిలించడం, ఆల్కహాల్ లేని మౌత్‌వాష్. అన్నం కలిపేటప్పుడు మజ్జిగో చారో ఎక్కువ పోసుకోండి. తినేటప్పుడు, తాగేటప్పుడు దగ్గు వస్తుంటే మాత్రం అది చిన్న విషయం కాదు. ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారుతోందేమో చూడాలి. మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టులు పెద్ద ఆస్పత్రుల్లో ఉంటారు, అడగండి.

మెడకు రేడియేషన్ పడినవారు ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించుకోవాలి. ఏళ్లు గడిచాక కూడా థైరాయిడ్ నెమ్మదించవచ్చు. మందకొడితనాన్ని వయసు మీదికి నెట్టేస్తాం.

పన్ను ఒకటి కదులుతోంది. ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర తీయించుకోవచ్చా?

ఆగండి. దవడకు రేడియేషన్ పడి ఉంటే ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఉంటుంది. పన్ను తీసిన చోట పుండు మానక ఎముకే కుళ్లిపోయే ప్రమాదం ఉంది. ఈ ప్రమాదానికి కాలపరిమితి లేదు, పదేళ్ల తర్వాతైనా ఉంటుంది. పళ్ల డాక్టరుకు రేడియేషన్ కాగితం చూపించి, మీ క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడమని చెప్పాకే చెయ్యి వేయనివ్వండి.

చుట్ట పూర్తిగా మానాలా? క్యాన్సర్ వచ్చి తగ్గిపోయింది కదా.

మానాలి. గుట్కా, ఖైనీ, బీడీ, అన్నీ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగితే వేడి, పొగ రెండూ అంగిలినే కాలుస్తాయి. ఒక చోట పుండు నయమైనా ఆ నోట్లో మిగతా చర్మం కూడా అన్నేళ్లూ అదే పొగ పీల్చింది, ఇంకో చోట రెండో క్యాన్సర్ పుట్టడం అందుకే ఎక్కువ. మానలేకపోతే మనిషిని తప్పు పట్టను, అది వ్యసనం. 1800-11-2356 పొగాకు మానడానికి సాయపడే జాతీయ నంబరు.

అరికాళ్లు దూదిలో పెట్టినట్టున్నాయి. బొత్తాం పెట్టుకోవడం రావడం లేదు.

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటి మందులు చేతులూ కాళ్ల చివరి నరాలను దెబ్బతీస్తాయి. ఆక్సాలిప్లాటిన్ విషయంలో మందు ఆపాక కూడా కొన్ని నెలలు తిమ్మిరి పెరుగుతుంది. జబ్బు పెరిగిందని బెంబేలెత్తకండి. చాలామందిలో మెల్లగా తగ్గుతుంది, కొందరిలో కొంత మిగులుతుంది. మంటగా, పోటుగా ఉంటే డ్యులోక్సెటిన్ అనే మాత్రకు కొంత రుజువు ఉంది, డాక్టరును అడగవచ్చు. వట్టి తిమ్మిరికి మందుల వల్ల పెద్దగా ప్రయోజనం లేదు.

కాలికి స్పర్శ లేనప్పుడు జాగ్రత్తే మందు. ఇంట్లో కూడా చెప్పులు. బకెట్లో వేణ్నీళ్లు మోచేతితో చూసుకుని పోసుకోండి. ఎండాకాలం గుడి ప్రదక్షిణకు మేజోళ్లు వేసుకుంటే దేవుడు ఏమీ అనుకోడు. రాయి కాలినా మీకు తెలియదు, సాయంత్రానికి బొబ్బ కనిపిస్తుంది. ఊడని చెప్పులు, మెట్ల దగ్గర పట్టుకోవడానికి కమ్మీ, రాత్రి బాత్రూము దారిలో చిన్న బల్బు.

మాటలు గుర్తుకు రావడం లేదు. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతున్నాను.

కీమో తర్వాత చాలామందికి ఉంటుంది, ఎక్కువమందికి క్రమంగా సర్దుకుంటుంది. ఫోనులో గంట పెట్టుకోండి, రాసుకోండి, ఒకసారికి ఒకే పని. నేను పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చునేదాన్ని. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ కూడా మతిమరుపు తెస్తాయి, అవి చూపించుకోవాలి.

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు చికిత్స అయింది. భర్తతో కలవడానికి భయం, నొప్పి. ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్న నా బల్ల దగ్గర ఎవరూ గట్టిగా అడగరు. కూడా వచ్చిన ఆడబిడ్డను నీళ్లకు పంపి, ముందుకు వంగి అడుగుతారు. కొందరు మూడోసారి వచ్చినప్పుడు అడుగుతారు.

ముందు ఒక మాట స్పష్టంగా: క్యాన్సర్ భర్తకు అంటదు. రేడియేషన్ ఒంట్లో మిగిలి ఉండి ఆయనకు తగలదు. కలవడం వల్ల క్యాన్సర్ మళ్లీ రాదు. చికిత్స తర్వాత ఎన్ని వారాలు ఆగాలో డాక్టరు చెబుతారు.

పొత్తికడుపుకు ఇచ్చిన రేడియేషన్ వల్ల యోని గోడలు పొడిబారి, కుంచించుకుపోయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా కాకుండా డైలేటర్ అనే నున్నని గొట్టాన్ని జెల్లీ రాసి వారానికి కొన్నిసార్లు వాడమని ఇస్తారు. ఇవ్వకపోతే మీరే అడగండి, ఇది సిగ్గుపడాల్సిన వస్తువు కాదు. భర్త లేనివారికీ ఇది కావాలి, ఎందుకంటే దారి మూసుకుపోతే డాక్టరు లోపల పరీక్ష చేయలేరు. పొడితనానికి నీటి ఆధారిత జెల్లీలు మందుల దుకాణంలో దొరుకుతాయి. చిన్న వయసులోనే నెలసరి ఆగిపోయి ఉంటే వేడి ఆవిర్లు, ఎముకల బలహీనత గురించి కూడా మాట్లాడండి. మలంలో, మూత్రంలో రక్తం నెలల తర్వాత కనిపించవచ్చు. అది రేడియేషన్ తాలూకు పుండే కావచ్చు, కానీ చూడకుండా అలా అనుకోకూడదు.

భర్తలకు ఒక మాట. ఆవిడ దూరం జరిగితే మీ మీద ఇష్టం పోయిందని కాదు. నొప్పి గురించి అడిగారా? చాలామంది ఆడవాళ్లు మొదటిసారి అడిగింది భర్త కాదు, నర్సు అని చెబుతారు.

మగవాళ్లకు?

ప్రొస్టేట్, మలద్వార ప్రాంతపు ఆపరేషన్ల తర్వాత అంగస్తంభన తగ్గడం, మూత్రం చుక్కలుగా జారడం మామూలే. కటి కండరాలు బిగించి వదిలే వ్యాయామం ఫిజియోథెరపిస్టు నేర్పుతారు, అంగస్తంభనకు మాత్రలూ ఉన్నాయి. గుండెజబ్బుకు నైట్రేట్లు వాడేవారు ఆ మాత్రలు సొంతంగా వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. యూరాలజిస్టును కలవండి, గోడల మీది ప్రకటనలను కాదు.

రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ మాత్రలు అయిదేళ్లన్నారు. కీళ్లనొప్పులు, ఆవిర్లు తట్టుకోలేక రోజు మార్చి రోజు వేసుకుంటున్నాను.

చెప్పకుండా తగ్గించకండి. మాత్ర మార్చవచ్చు, ఇబ్బందికి విడిగా మందు ఇవ్వవచ్చు. లెట్రోజోల్ వంటివి వాడుతుంటే ఎముకల సాంద్రత పరీక్ష ఎప్పుడో అడగండి. టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వాడుతూ దిగులుకు మందు తీసుకోవాల్సి వస్తే మానసిక వైద్యులకు ఆ సంగతి చెప్పండి. పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ దాని పనిని తగ్గించగలవు, వేరే మందులున్నాయి.

పిల్లలు పుడతారా?

చాలామందికి పుడతారు. అది వాడిన మందులు, వయసు మీద ఉంటుంది. సాధారణంగా చికిత్స తర్వాత కొంతకాలం ఆగమంటారు. రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ మాత్రలు వాడుతున్న యువతులు గర్భం కోసం రెండేళ్ల వరకు మాత్రలు ఆపితే ఏమవుతుందో 518 మందిలో చూసి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆ కొద్ది ఏళ్లలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. టామాక్సిఫెన్ వాడుతూ మాత్రం గర్భం రాకూడదు, బిడ్డకు హాని.

నడక సరే, దానివల్ల జబ్బు మళ్లీ రాకుండా ఉంటుందా?

2025 వరకు గట్టిగా చెప్పలేకపోయేవారు. ఆ ఏడాది పెద్దపేగు క్యాన్సర్ రోగులు 889 మందితో చేసిన అధ్యయనం వెలువడింది. ఆపరేషన్, కీమో అయ్యాక సగం మందికి వ్యాయామంపై పుస్తకం ఇచ్చి పంపారు. మిగతా సగం మందికి మూడేళ్లపాటు ఒక శిక్షకుడిని కేటాయించి వెంటపడ్డారు. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి గుంపులో నూటికి 74, రెండో గుంపులో 80. వారు చేసింది కొండలెక్కడం కాదు, వారంలో మూడు నాలుగుసార్లు ముప్పావు గంట నుంచి గంట వరకు చురుకైన నడక. నాకు అందులో నచ్చిన సంగతి వేరే ఉంది. పుస్తకం చాలలేదు, వెంటపడే మనిషి కావాల్సి వచ్చింది. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో చూసుకోండి.

ఎముకలకు జబ్బు పాకినవారు, గుండె బలహీనమైనవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

డబ్బంతా అయిపోయింది. చెకప్‌లకు తిరగడానికి ఏమైనా రాయితీలున్నాయా?

రైల్లో ఉంది. చికిత్సకే కాదు, తర్వాతి చెకప్‌లకూ వర్తిస్తుంది. స్లీపర్, ఏసీ త్రీటైర్‌లో రోగికి టికెట్ మొత్తం మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆస్పత్రి ఇచ్చే రాయితీ ధ్రువపత్రం కావాలి. వచ్చిన ప్రతిసారీ మళ్లీ వచ్చే తేదీకి పత్రం రాయించుకోండి. చాలామంది ఇది మరిచిపోయి స్టేషన్లో బాధపడతారు.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షను కింద, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి క్యాన్సర్ ఖర్చులో 40,000 వరకు, రోగికి 60 ఏళ్లు దాటితే లక్ష వరకు మినహాయింపు ఇచ్చారు. మీ ఆడిటరును అడగండి.

క్యాన్సర్ అన్నది దివ్యాంగుల చట్టం 2016లోని వైకల్యాల జాబితాలో లేదు. కానీ దాని వల్ల మిగిలిన వైకల్యం ఉండవచ్చు. స్వరపేటిక తొలగించడం వల్ల మాట పోవడాన్ని ఆ చట్టం పేరు పెట్టి మరీ చెప్పింది. కాలు తీసినవారూ వస్తారు. 40 శాతం, ఆపైన ఉంటే వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరంలో చూపించుకోండి.

ఆరోగ్య బీమా కొత్తగా తీసుకునేవారు జబ్బు సంగతి దాచవద్దు. 2024 నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బుకు క్లెయిము ఇవ్వని నిరీక్షణ కాలం మూడేళ్లు మించకూడదు. దాచి దొరికితే క్లెయిము పోతుంది.

మా పాపకు నాలుగేళ్లప్పుడు రక్త క్యాన్సర్ నయమైంది. ఇప్పుడు పద్నాలుగు. ఇంకా ఆస్పత్రికి తిప్పాలా?

తిప్పాలి, ఏడాదికోసారైనా. పిల్లలకు వాడిన మందుల ప్రభావం ఎదిగాక బయటపడవచ్చు. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ మందు ఎంత మొత్తం ఎక్కించారన్న దాన్ని బట్టి గుండెకు ఎకో పరీక్షలు చేస్తారు. ఎత్తు, రజస్వల, చదువు, థైరాయిడ్ చూస్తారు. ముంబయి టాటా మెమోరియల్ ఇందుకోసమే ప్రత్యేక క్లినిక్‌ను 1991లో మొదలుపెట్టింది. పాపకు తన జబ్బు పేరు చెప్పారా? చాలా ఇళ్లలో చెప్పరు. రేపు పెళ్లయి వేరే ఊరు వెళ్లాక డాక్టరు అడిగితే తనకేం జరిగిందో తనకే తెలియకపోతే ఎలా? పెళ్లి సంబంధాల భయం నాకు అర్థమవుతుంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు. పాపకు చెప్పాలి.

ఏ కాగితాలు దాచుకోవాలి?

బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్, కీమో మందుల పేర్లు, మొత్తం డోసులు, రేడియేషన్ ఏ భాగానికి ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోసును కొలిచేది గ్రేలలో), డిశ్చార్జి సమ్మరీ. ఈ వివరాలన్నీ ఒక పేజీలో రాసివ్వమని మీ డాక్టరును అడగండి. ప్రతి పేజీ ఫోటో తీసి పిల్లల ఫోనులోనూ ఉంచండి. బట్టల దుకాణం సంచిలో పెట్టి బీరువా మీద పెట్టిన ఫైలును చెదలు తిన్న ఇల్లు ఒకటి నాకు తెలుసు.

చూసుకునేవాళ్ల సంగతి ఏమిటి?

ఏడాదిగా ఆస్పత్రి వరండాలో పడుకున్న మనిషికి బీపీ చూసిన వాళ్లు లేరు. ఈసారి చెకప్‌కి వచ్చినప్పుడు మీకూ చూడమనండి.

రొమ్ము ఆపరేషన్ అయిన వైపు చేత్తో బరువెత్తకూడదన్నారు. మనవరాలిని ఎత్తుకోవచ్చా?

చంకలో గ్రంథులు తీసినా, అక్కడ రేడియేషన్ పడినా చేతిలో నీరు చేరి వాచే అవకాశం ఉంది. దాన్ని లింఫెడీమా అంటారు. ఆ భయంతో తరాల ఆడవాళ్లు ఆ చేతిని జోలెలో పెట్టుకున్నట్టు బతికారు, బిందె ఎత్తకుండా, బిడ్డను ఎత్తకుండా. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఆ భయాన్ని తలకిందులు చేసింది. అప్పటికే చేయి వాచిన 141 మంది ఆడవాళ్లలో సగం మంది చేత బరువులెత్తించారు. చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుతూ, ఒత్తిడి తొడుగు వేసుకుని. వాపు పెరగలేదు. పైగా వాపు ఉన్నట్టుండి ముదరడం వారిలో తగ్గింది. ప్రమాదం బరువులో లేదు, అలవాటు లేని చేత్తో ఒక్కసారిగా ఎత్తడంలో ఉంది.

చర్మం జాగ్రత్త. బిగుతు గాజులు ఆ చేతికి వద్దు, అంట్లకు, మొక్కల పనికి గ్లవ్స్, చిన్న గాటు పడినా కడిగి మందు రాయాలి. చేయి ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి, యాంటీబయాటిక్ కావాలి. రెండు చేతులకూ ఒకే చోట టేపుతో చుట్టుకొలత తీసి నెలకోసారి క్యాలెండర్ మీద రాసుకోండి. తేడా పెరుగుతుంటే కంటికి కనిపించక ముందే తెలుస్తుంది. మొదట్లోనే పట్టుకుంటే నీరు తీసే మర్దన, ఒత్తిడి తొడుగులతో బాగా అదుపులోకి వస్తుంది.

నేను అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టాను. నెల తర్వాత లీటరు. తర్వాత రెండు కిలోల కందిపప్పు సంచి. మా అమ్మాయి పురిటికి వచ్చేనాటికి ఆ చేత్తో నాలుగు కిలోలు ఎత్తగలిగాను. మనవరాలు మూడు కిలోల రెండు వందల గ్రాములు పుట్టింది.